లారీ డీజిల్ ట్యాంకులో నీళ్ళు, మడ్డి చేరినప్పుడు: పరీక్ష నుంచి ఫిల్టరు బిగింపు దాకా

ఫిల్టరు మార్చిన నాలుగు రోజులకే లారీ మళ్ళీ లాగడం మానేస్తోందని, రెండోసారి మార్చినా అదే తంతు అని అడిగేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ట్యాంకు అడుగు చూడకుండానే ఫిల్టర్లు మారుస్తూ పోతున్నారు. అడుగున నీళ్ళు, మడ్డి ఉన్నంతకాలం ఎన్ని ఫిల్టర్లు బిగించినా అవి మూసుకుపోతూనే ఉంటాయి. అందువల్ల ఇక్కడ పనుల వరుసకే ప్రాధాన్యం ఇస్తున్నాను: ముందు పరీక్ష, తరువాత ట్యాంకు, ఆపైన పైపులు, ఆఖరున ఫిల్టర్లు. ఈ వరుస తారుమారైతే చేసిన పనే మళ్ళీ చేయవలసి వస్తుంది.

పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకూ, కామన్ రైల్ (ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే) ఇంజన్లకూ ట్యాంకు శుభ్రం చేసే పద్ధతి ఒకటే. తేడా వచ్చేది హై ప్రెషర్ వైపు. కామన్ రైల్ వ్యవస్థలో డీజిల్ 1,600 నుంచి 2,500 బార్ల దాకా ఒత్తిడిలో ఉంటుంది. డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మే ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాత ఇంజను ఎలాగో నెట్టుకొచ్చే మురికిని కొత్త ఇంజను భరించలేదు.

1. ట్యాంకులో ఏముందో ముందు తెలుసుకోండి

నీళ్ళు: డీజిల్ సాంద్రత 0.82 నుంచి 0.86 దాకా ఉంటుంది కనుక నీళ్ళు అడుక్కు దిగుతాయి. ఇంజనుకు డీజిల్ పీల్చే పికప్ పైపు కొస అడుగుకు కొంచెం పైన ఉంటుంది కాబట్టి, కొద్దిపాటి నీళ్ళు చాలా రోజులు బయటపడవు. బండి ఎత్తెక్కినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో అవి ఒక పక్కకు పొర్లి పైపుకు అందుతాయి. అప్పుడు ఇంజను ఉన్నట్టుండి కుదుపులతో తడబడి, తెల్ల పొగ వదిలి, కాసేపటికి మామూలవుతుంది. ఫిల్టరు మూసుకుపోతే లక్షణం వేరుగా ఉంటుంది: లోడు పడినంతసేపూ శక్తి నిలకడగా తగ్గి ఉంటుంది, ఐడిల్‌లో ఏ ఇబ్బందీ కనిపించదు.

సూక్ష్మజీవులు: బాక్టీరియా, శిలీంధ్రాలు డీజిల్‌నూ నీటినీ కలిపే సరిహద్దు గీత దగ్గర పెరుగుతాయి. ఆహారం డీజిల్ నుంచి, తడి నీటి నుంచి తీసుకుంటాయి. అందుకే నీళ్ళు లేని ట్యాంకులో నిలదొక్కుకోలేవు. ఆ గీత మీద మీగడలా గోధుమ రంగు లేదా నల్లని పాకుడు పొర కడుతుంది. అది తెగి పికప్ జాలీలోనూ ఫిల్టరులోనూ చిక్కుకుంటుంది. ఇవి వదిలే ఆమ్లాలు ట్యాంకు లోహాన్ని తింటాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బాక్టీరియా చేరినట్టు భావించాలి. బయోడీజిల్ (నూనెలు, కొవ్వుల నుంచి చేసే ఇంధనం) కలిసిన డీజిల్ తేమను ఎక్కువగా పట్టి ఉంచుతుంది కాబట్టి అందులో ఈ బెడద మరింత ఎక్కువ.

మట్టి, తుప్పు: మూత సరిగా లేకపోవడం, దుమ్ము పట్టిన గరాటు, పాత డ్రమ్ముల వల్ల వస్తాయి. బయోడీజిల్ మిశ్రమం మొదటిసారి పోసినప్పుడు, ఏళ్ళ తరబడి గోడలకు అంటిన మడ్డి ఒక్కసారిగా ఊడి ఫిల్టరుకు చేరడం కూడా మామూలే.

జిగురు: నిల్వ ఉండి పాతబడిన డీజిల్, ఇంజను దగ్గర వేడెక్కి రిటర్న్ పైపు ద్వారా పదేపదే ట్యాంకులోకి తిరిగి వచ్చే డీజిల్ క్రమంగా నల్లని జిగురు పదార్థాన్ని విడుస్తుంది. ఫిల్టరు నల్లగా ఉంది కదా అని వెంటనే సూక్ష్మజీవుల మందు కొనేవారున్నారు. నీటి జాడ లేకుండా, పాకుడు జారుడు లేకుండా మడతలు నల్లబడి ఉంటే అది చాలావరకు ఈ జిగురే. దానికి ఆ మందు పనికిరాదు.

మైనం: గట్టి చలిలో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఫిల్టరు వెచ్చబడగానే ఇంజను సరిగా నడిస్తే ట్యాంకు విప్పవలసిన పని లేదు. చలికాలపు గ్రేడు డీజిల్ కావాలి, అంతే.

2. శాంపిల్ తీసే పద్ధతి

బండిని రాత్రంతా సమతల నేల మీద కదలకుండా నిలిపి ఉంచండి. అప్పుడే నీళ్ళు, మడ్డి అడుక్కు తేరుకుంటాయి. ఇంజను ఆపిన వెంటనే తీసిన శాంపిల్‌ను నమ్మకండి.

మూడు చోట్ల నుంచి తీయాలి:

- ట్యాంకు డ్రెయిన్ ప్లగ్ దగ్గర మొదట వచ్చే అర లీటరు
- నీటి సెపరేటర్ (డీజిల్ నుంచి నీటిని వేరుచేసేది) గిన్నె నుంచి ఒక గ్లాసుడు
- నిల్వ డ్రమ్ము లేదా నిల్వ ట్యాంకు ఉంటే దాని అడుగు నుంచి అర లీటరు

డ్రెయిన్ ప్లగ్ లేకపోతే పై రంధ్రం గుండా సన్నని పైపును అడుగు తగిలేదాకా దించి చేతి పంపుతో లాగండి. నోటితో పీల్చే అలవాటును పూర్తిగా మానుకోండి. గుటకైనా అక్కరలేదు, కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారినా డీజిల్ ప్రాణాపాయకరమైన వాపును తెస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

శాంపిల్‌ను రంగులేని గాజు సీసాలో పోసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మంచి డీజిల్ తేటగా, మెరుపుతో ఉంటుంది. సీసా వెనుక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలగాలి. మసకగా ఉంటే నీరు సన్నని బిందువులుగా చెదిరి ఉన్నట్టు. తరువాత సీసాను గుండ్రంగా తిప్పి వదిలితే మధ్యలో సుడి ఏర్పడుతుంది. రేణువులుంటే ఆ సుడి కింద, సీసా అడుగు మధ్యలో, చిన్న కుప్పగా చేరతాయి. ఇసుకా తుప్పా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఒక్కోసారి సీసా నిండా నీళ్ళే వచ్చి, గీత కనబడక, డీజిల్ తేటగా ఉందని భ్రమపడే అవకాశముంది. నీటిలో కరిగే వంటరంగు రెండు చుక్కలు వేయండి. నీళ్ళుంటే రంగు వాటిలో కలిసిపోతుంది. డీజిల్‌లో కరగకుండా చుక్కలుగానే కిందికి దిగుతుంది. ట్యాంకు లోతు కొలిచే కర్ర కొసకు నీటిని పసిగట్టే పేస్టు రాసి ముంచితే, రంగు మారిన మేర నీటి ఎత్తు తెలుస్తుంది.

సీసాకు చీటీ అంటించి 24 గంటలు కదపకుండా ఉంచి మళ్ళీ చూడండి. యూరప్ డీజిల్ ప్రమాణమైన ఈఎన్ 590 కిలో ఇంధనానికి 200 మిల్లీగ్రాములకు మించి నీటిని ఒప్పుకోదు. 400 లీటర్ల ట్యాంకు లెక్కన అది 67 గ్రాములు, అదీ కంటికి కనబడకుండా కరిగి ఉండేది. కాబట్టి సీసా అడుగున కంటికి కనిపించే నీటి పొర ఎంత సన్నగా ఉన్నా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

3. ఎంత దూరం వెళ్ళాలో నిర్ణయించండి

మొదటి స్థాయి: కొద్దిగా నీళ్ళు వచ్చి, ఆ పైన డీజిల్ తేటగా ఉంటే ట్యాంకు అడుగు నుంచీ సెపరేటర్ నుంచీ నీళ్ళు వదిలేసి, ప్రైమరీ ఫిల్టరు (ట్యాంకు తరువాత వచ్చే మొదటి ఫిల్టరు) మార్చి, వారంపాటు రోజూ గమనిస్తే సరిపోతుంది.

రెండో స్థాయి: పాకుడు, తుప్పు, నల్లని మడ్డి కనబడినా, వదిలేసిన నీళ్ళు రెండు మూడు రోజుల్లో మళ్ళీ చేరినా ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడగాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దీని గురించే.

మూడో స్థాయి: పాత ఫిల్టరును కోసి చూసినప్పుడు మడతల్లో లోహపు మెరుపు కనిపిస్తే హై ప్రెషర్ పంపు అరుగుతోందని అర్థం. ఆ లోహపు పొడి ఇంజెక్టర్లకు వెళ్ళడమే కాక రిటర్న్ పైపు వెంట ట్యాంకుకూ చేరుతుంది. ఇంజను మళ్ళీ తిప్పకండి. పంపు, రైలు (ఉమ్మడి గొట్టం), ఇంజెక్టర్లు, పైపులు, ట్యాంకు అన్నింటినీ కలిపి చూడగల వర్క్‌షాపుకు అప్పగించాలి. కొత్త పంపు ఒక్కటే బిగించి ట్యాంకును వదిలేస్తే అదే పొడి కొత్త పంపులోకీ వెళుతుంది.

ఫిల్టరు కోయడానికి గ్రైండరు వాడవద్దు, అది రాల్చే లోహపు పొడి మీ నిర్ధారణనే తప్పుదోవ పట్టిస్తుంది. డబ్బా కోసే చేతి కట్టరు వాడి, కాగితపు మడతలను తెల్ల గుడ్డ మీద పరచి చూడండి.

4. పని మొదలుపెట్టే ముందు

సిద్ధం చేసుకోవలసినవి:

- డీజిల్‌కు పనికొచ్చే చేతి పంపు లేదా గాలితో నడిచే పంపు, హోసు పైపులు
- ట్యాంకులో ఉన్న డీజిల్ మొత్తం పట్టే శుభ్రమైన, మూతలున్న డ్రమ్ములు
- నూగు రాలని గుడ్డలు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్ళద్దాలు
- రెండు సెట్ల ఫిల్టర్లు, ఓ రింగులు, బంజో బోల్టుల (లోపలి రంధ్రం గుండా డీజిల్ పోయే బోల్టుల) రాగి వాషర్లు, డ్రెయిన్ ప్లగ్ వాషరు, గేజ్ యూనిట్ (ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచేది) గాస్కెట్
- పైపుల కొసలు మూయడానికి శుభ్రమైన క్యాపులు
- కడగడానికి 20 నుంచి 30 లీటర్ల వడగట్టిన కొత్త డీజిల్
- సీలు చేసిన టార్చి, డ్రై పౌడరు లేదా ఫోమ్ అగ్నిమాపకం

రెండు సెట్ల ఫిల్టర్లు ఎందుకని చాలామంది అడుగుతారు. ఎంత బాగా కడిగినా పైపుల్లో, మూలల్లో మిగిలిన మడ్డి మొదటి సెట్టును తొందరగా నింపుతుంది. రెండో సెట్టు చేతిలో లేక దారి మధ్యలో ఆగిపోవడం కంటే ఆ ఖర్చు ఎంతో నయం.

జాగ్రత్తలు:

- పని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయండి.
- బ్యాటరీ తీగను విప్పండి.
- హై ప్రెషర్ పైపుల జోలికి వెళ్ళవద్దు. వెళ్ళవలసి వస్తే ఇంజను ఆపి, తయారీదారు చెప్పినంతసేపు ఒత్తిడి తగ్గనివ్వాలి. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది మచ్చంతే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయమది.
- డీజిల్ పోసి వాడిన ట్యాంకును, ఖాళీ చేసినా సరే, వెల్డింగ్ చేయవద్దు, డ్రిల్లు పెట్టవద్దు. ఖాళీ ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి కాబట్టి నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం.
- పంపుతో తోడేటప్పుడు లోహపు డ్రమ్మునూ ట్యాంకునూ తీగతో కలిపి ఉంచండి. స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండా ఉంటుంది.

5. ట్యాంకు ఖాళీ చేయడం

ముందుగా ట్యాంకు పై భాగం మీది మట్టిని బ్రష్షుతో, గుడ్డతో తుడవండి. ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి: గేజ్ యూనిట్ చుట్టూ రేకు కొంచెం లోపలికి నొక్కుకుని ఉంటే, బండి కడిగిన నీళ్ళు, వాన నీళ్ళు ఆ పల్లంలో నిలుస్తాయి. గాస్కెట్ పాతబడితే అవి నెమ్మదిగా లోపలికి దిగుతాయి. తుప్పు పట్టిన స్క్రూలు, వాటి చుట్టూ గోధుమ రంగు చారలు కనిపిస్తే నీళ్ళు వచ్చే దారి దొరికినట్టే.

తరువాత వరుస ఇది:

- అడుగు ప్లగ్ వదులు చేసి మొదట వచ్చే నీళ్ళు, మడ్డిని ప్రత్యేక పాత్రలోకి పట్టండి. తేట డీజిల్ డ్రమ్ములో ఇది కలవకూడదు.
- తేట డీజిల్ రావడం మొదలయ్యాక పంపుతో డ్రమ్ములోకి తోడండి. పంపు పైపు కొసను అడుగుకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచండి.
- ఆఖరున మిగిలినదాన్ని మళ్ళీ మురికి పాత్రలోకే తీయండి.
- రెండు ట్యాంకులున్న బండిలో కలిపే పైపును మూసి, రెండింటినీ ఖాళీ చేయండి. ఒకదాన్నే కడిగితే రెండోదాని మడ్డి ఒక్క రోజులో ఇటు చేరుతుంది.

మురికి డీజిల్‌ను కాలువలోకో నేల మీదకో వదలకుండా, మూతపెట్టి వాడేసిన నూనెలు తీసుకునేవారికి అప్పగించండి. డ్రమ్ములోకి తోడిన తేట భాగంలో కేవలం నీళ్ళే సమస్య అయితే, రెండు మూడు రోజులు తేరనిచ్చి, పై భాగాన్ని నీటిని ఆపే ఫిల్టరు గుండా పోసి వాడుకోవచ్చు. పాకుడు పట్టినది, పెట్రోలు కలిసినది, కుళ్ళు వాసన వేసేది తిరిగి పోయకండి. పొదుపు పేరుతో ఇక్కడ వెనక్కి తగ్గితే ఇంజెక్టర్ల దగ్గర అంతకు ఎన్నో రెట్లు కట్టవలసి వస్తుంది.

6. లోపల కడగడం

గేజ్ యూనిట్, పికప్ పైపు బయటికి తీసి టార్చితో లోపలికి చూడండి. చాలా ట్యాంకుల్లో డీజిల్ పొర్లకుండా అడ్డరేకులుంటాయి. మడ్డి దాక్కునేది వాటి వెనకే. ఒక్క రంధ్రం నుంచి చూసి శుభ్రంగా ఉందనుకోవద్దు. చిన్న గొట్టపు కెమెరా దొరికితే ప్రతి గదినీ చూడండి.

బండి మీదే కడగడం: మడ్డి పలచగా ఉంటే ఈ పద్ధతి చాలు. వడగట్టిన డీజిల్‌ను పంపుతో చిమ్ముతూ గోడలు, మూలలు తడిపి, అడుగు ప్లగ్ గుండా వదలండి. వచ్చేది తెల్ల గుడ్డ మీద మరక పెట్టడం ఆగేదాకా ఇలాగే చేయాలి. ఈ పద్ధతిలో నీళ్ళు వాడకండి. అడ్డరేకుల మధ్య చేరిన తడి పూర్తిగా ఆరదు.

దించి కడగడం: పాకుడు మందంగా ఉన్నా, తుప్పు రేకులుగా ఊడుతున్నా ట్యాంకును దించక తప్పదు. పైపులకు గుర్తులు పెట్టి ఫొటో తీసుకోండి. పూర్తిగా ఖాళీ అయ్యాకే పట్టీలు విప్పాలి. 300 లీటర్ల డీజిలే 250 కిలోల బరువుంటుంది. కింద జాకీ ఆసరా ఉండాలి.

పాకుడును డీజిల్ కరిగించదు. గోరువెచ్చని నీళ్ళలో తేలికపాటి డిటర్జెంట్ కలిపి, పొడవు పిడి బ్రష్షుతో రుద్ది, నురగ పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. అల్యూమినియం ట్యాంకులో కాస్టిక్ సోడా వేయవద్దు. అది లోహాన్ని తిని హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. పెట్రోలు, థిన్నరు అసలు వద్దు.

కడిగాక ఆరబెట్టడం మీద శ్రద్ధ పెట్టండి. అన్ని మూతలూ తెరిచి, ప్లగ్ రంధ్రం కిందికి వచ్చేలా వంచి, తడిలేని గాలిని చాలాసేపు పంపాలి. లోపలికి పంపిన పొడి గుడ్డ పొడిగానే బయటికి వచ్చాక, 5 లీటర్ల శుభ్రమైన డీజిల్ పోసి నలువైపులా తిప్పి పారబోయండి. ఇనుప ట్యాంకయితే ఈ ఆఖరి తడుపు వెంటనే జరగాలి, లేకపోతే కడిగిన గోడ మీదే కొత్త తుప్పు మొదలవుతుంది.

లోపల గొలుసు వేసి ఊపి తుప్పు రాల్చే పాత పద్ధతి మందపాటి ఇనుప ట్యాంకుకు పనికిరావచ్చు. అల్యూమినియం ట్యాంకులోనూ, లోపల పూత ఉన్నదానిలోనూ అది చెడుపే చేస్తుంది. గుంటలు పడిన ట్యాంకుకు నా సలహా ఒకటే: దాన్ని మార్చేయండి.

7. పైపులు, జాలీలు

పికప్ జాలీ, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే పంపు) దగ్గరి చిన్న జాలీ, బంజో బోల్టుల రంధ్రాలు విప్పి డీజిల్‌లో బ్రష్షుతో కడగండి. ఫీడ్ పంపు జాలీని మరిచిపోయి, అంతా శుభ్రం చేసినా శక్తి రావడం లేదని తల పట్టుకునేవారు తరచు కనిపిస్తారు.

పైపులను రెండు కొసలా విప్పిన తరువాతే గాలి ఊదండి. ఒక కొస పంపుకు తగిలించి ఉండగా ఊదితే మురికి అంతా పంపులోకి వెళుతుంది. ట్యాంకుకు వచ్చే రిటర్న్ పైపునూ ఇలాగే శుభ్రం చేయండి. పగుళ్ళు పడిన రబ్బరు పైపులను మార్చండి. పీల్చే వైపు పగులు నుంచి డీజిల్ కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది.

8. ఫిల్టర్లు బిగించడం

ప్రైమరీ ఫిల్టరు సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్ల రేణువులనూ నీటినీ ఆపుతుంది. సెకండరీ 2 నుంచి 5 మైక్రాన్ల దాకా వడపోస్తుంది. రెండింటినీ ఒకేసారి మార్చాలి.

- ఫిల్టరు తల చుట్టూ ముందు తుడిచి, ఆపైన విప్పండి.
- పాత ఓ రింగు తలకే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే కారడం ఖాయం.
- నీటి సెన్సారును కొత్త రింగుతో కొత్త ఫిల్టరుకు మార్చండి. ప్లాస్టిక్ గిన్నెను డీజిల్‌తోనే కడగండి, థిన్నరు తగిలితే పగుళ్ళిస్తుంది.
- కొత్త రింగుకు శుభ్రమైన డీజిల్ రాసి, తలకు తగిలేదాకా తిప్పి, ఆపైన ఫిల్టరు మీద ముద్రించినంత మేర చేత్తోనే బిగించండి. సాధారణంగా అది అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు ఉంటుంది.
- డ్రెయిన్ కాక్ మూసి ఉందో లేదో చూడండి.

సెకండరీ ఫిల్టరులో డబ్బాతో డీజిల్ పోసి బిగించే అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, వద్దని చెబితే వింతగా చూస్తారు. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా హై ప్రెషర్ పంపుకు చేరుతుంది. ఆ ఫిల్టరును ఖాళీగానే బిగించి, హ్యాండ్ ప్రైమరుతో (చేత్తో కొట్టే చిన్న పంపుతో) నింపండి. ప్రైమరీని నింపడం తప్పనిసరైతే మధ్య రంధ్రం మూసి, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా మాత్రమే పోయండి.

9. ఎయిర్ తీసి స్టార్ట్ చేయడం

ట్యాంకులో కనీసం పావు వంతు కొత్త డీజిల్ పోసి, బ్లీడ్ స్క్రూ (లైనులో చేరిన గాలిని వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు ఆగి ధారగా వచ్చేదాకా ప్రైమరు కొట్టండి. స్క్రూ బిగించాక ప్రైమరు గట్టిపడేదాకా మరికొంత కొట్టాలి. విద్యుత్ పంపు ఉన్న బండిలో కీని ఆన్ చేసి, ఆఫ్ చేసి, కొన్నిసార్లు ఇలా తిప్పితే లైను నిండుతుంది.

స్టార్టరును ఒక్కసారికి 30 సెకన్లకు మించి తిప్పవద్దు. మధ్యలో 2 నిమిషాలు ఆగండి. పాత ఇంజన్లలో ఇంజెక్టరు యూనియన్లు (పైపు బిగింపులు) వదులు చేసి ఎయిర్ తీసేవారు. కామన్ రైల్‌లో ఆ పని ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంజను అందుకున్నాక పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ప్రతి జాయింటును చూడండి. కారుడును చేత్తో తడిమి వెతకకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

10. మొదటి వారం

- రోజూ ఉదయం స్టార్ట్ చేయకముందే సెపరేటర్ నుంచి కొద్దిగా గాజు సీసాలోకి వదిలి చూడాలి.
- నీటి హెచ్చరిక దీపం వెలిగితే వెంటనే ఆపి వదలాలి.
- లోడుతో ఎత్తెక్కేటప్పుడు శక్తి తగ్గుతోందేమో గమనించాలి.
- రెండో సెట్టు ఫిల్టర్లు, ఫిల్టరు విప్పే పట్టీ బండిలోనే ఉంచుకోవాలి.
- శక్తి తగ్గినా, వారం తరువాత మామూలుగానే ఉన్నా, ప్రైమరీని ఒకసారి ముందుగానే మార్చి కోసి చూడాలి.

ప్రైమరీ ఫిల్టరుకూ ఫీడ్ పంపుకూ మధ్య వాక్యూమ్ గేజ్ పెట్టుకోగలిగితే ఈ ఊహాగానాలు చాలావరకు తప్పుతాయి. కొత్త ఫిల్టరుతో వచ్చిన అంకెను రాసుకోండి. అది క్రమంగా పెరుగుతుంటే ఫిల్టరు నిండుతోందన్నమాట.

11. సూక్ష్మజీవులను చంపే మందు ఎప్పుడు, ఎలా

దీన్ని బయోసైడ్ అంటారు. నీళ్ళు తీయకుండా ఇది పోస్తే ప్రయోజనం తక్కువ; మడ్డిని ఇది కరిగించదు కూడా. నీళ్ళు, మడ్డి తొలగించాక, మిగిలిన జీవులను చంపడానికే వాడాలి. లేబుల్‌లో రెండు మోతాదులుంటాయి: పట్టిన తెగులుకు ఎక్కువది, ముందుజాగ్రత్తకు తక్కువది. పొరబాటున చిన్న మోతాదుతో పదేపదే పోస్తే జీవులు చావకుండా మిగిలిపోతాయి.

మందు వేశాక చచ్చిన పొర ఊడి ఫిల్టరుకే వస్తుంది, కనుక ఆ సమయంలో కొత్త ఫిల్టరు సిద్ధంగా ఉండాలి. ఇది మనుషులకూ విషమే. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా మూత తీయవద్దు.

నీటిని డీజిల్‌లో కలిపేసి కాల్చేస్తామని చెప్పే ఆల్కహాల్ రకం మందుల జోలికి పోవద్దని నా అభిప్రాయం. సెపరేటర్ ఆపగలిగిన నీటిని అవి సన్నగా చెదరగొట్టి ఇంజెక్టర్ల దాకా పంపుతాయి.

12. పెట్రోలు, యూరియా ద్రావణం పడినప్పుడు

ఇంజను స్టార్ట్ చేయకపోవడం, కీ కూడా తిప్పకపోవడం మొదటి పని. కొన్ని బండ్లలో కీ తిప్పగానే పంపు తిరిగి ఆ ద్రవాన్ని ముందుకు లాగుతుంది.

పెట్రోలు డీజిల్‌లోని జారుడుగుణాన్ని తగ్గించి పంపును అరగదీస్తుంది. అంతకంటే ముఖ్యం, డీజిల్ బాగా వేడెక్కితే కానీ మంటపట్టే ఆవిరి ఇవ్వదు, పెట్రోలు సున్నాకు ఎంతో దిగువన కూడా ఇస్తుంది. అందుకే ఈ ట్యాంకును పేలుడు నిరోధక పంపుతో, పెట్రోలు ట్యాంకుగా భావించి ఖాళీ చేయాలి.

ఎగ్జాస్ట్ శుద్ధికి వాడే 32.5 శాతం యూరియా ద్రావణం డీజిల్‌లో కలవదు, అడుక్కు దిగుతుంది, ఎండినచోట తెల్లని స్ఫటికాలు కడుతుంది. స్ఫటికాలు నీటిలో కరుగుతాయి కనుక, ట్యాంకును దించి నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఇంజను అప్పటికే నడిచి ఉంటే మూడో స్థాయి కిందే లెక్క.

13. పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

- ఎయిర్ తీసినా ఇంజను ఆగిపోతోంది: పీల్చే వైపు వాషర్లు, ఫిల్టరు రింగు చూడండి. పారదర్శక పైపుముక్క తాత్కాలికంగా పెడితే బుడగలు ఎక్కడ మొదలవుతున్నాయో కనబడుతుంది.
- కడిగాక గేజ్ తప్పు చూపుతోంది: ఫ్లోటు అడ్డరేకుకు తగులుతోందేమో, యూనిట్ తిప్పి బిగించారేమో చూడండి.
- కొన్ని గంటలు నడిచాక శక్తి పోయి, కాసేపు ఆపితే తిరిగి వస్తోంది: పికప్ జాలీకి ఏదో అంటుకుని, పీల్పు ఆగగానే ఊడుతోంది, లేదా ట్యాంకు గాలి రంధ్రం మూసుకుంది. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే రెండోదే.
- నీళ్ళు మళ్ళీ వస్తున్నాయి: డీజిల్ పోసే చోటు, మూత సీలు, గేజ్ గాస్కెట్, ఈ మూడింటినీ ఇదే వరుసలో పరీక్షించండి.

14. మళ్ళీ చేరకుండా

పని ముగిశాక రాత్రికి ట్యాంకు నింపి ఉంచండి. ఖాళీ జాగాలోని గాలి చల్లబడి గోడలకు తేమ పట్టడం తగ్గుతుంది. బండి కడిగేటప్పుడు ప్రెషరు నీటిని మూత మీదా, గాలి రంధ్రం మీదా కొట్టవద్దు. బంకులో ట్యాంకరు డీజిల్ దింపుతూ ఉంటే అడుగు మడ్డి కలగబడి ఉంటుంది కనుక కొన్ని గంటలు ఆగడం మేలు.

సొంత నిల్వ ఉన్నవారు ఇవి పాటించాలి:

- నిల్వ ట్యాంకు అడుగు నుంచి వారానికోసారి నీళ్ళు వదలడం
- తోడే పంపు దగ్గర నీటిని ఆపే ఫిల్టరు పెట్టడం
- ముందు వచ్చిన డీజిల్‌ను ముందు వాడడం
- కొత్త సరుకు దించిన వెంటనే తోడకుండా ఒక రాత్రి తేరనివ్వడం

డ్రమ్ములను ఆరుబయట నిలువుగా ఉంచితే మూత చుట్టూ వాన నీళ్ళు నిలుస్తాయి. పగలు వేడికి డ్రమ్ము లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడినప్పుడు ఆ నీటిని బిరడా సందు గుండా లోపలికి పీలుస్తుంది, బిరడా గట్టిగా బిగించినట్టే కనిపిస్తున్నా సరే. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల స్థానాల్లో ఉండేలా, డీజిల్ మట్టానికి లోపలే వచ్చేలా అమర్చండి.